ఆల్ఫా తీర్థం

లోకంలో ఏది మారినా మూర్ఖుల శాతం మాత్రం మారదని డాక్టర్ హైమవతి గట్టి నమ్మకం. కొలిచి చూడకుండా ఆమె నమ్మిన విషయం జన్మలో ఇదొక్కటే.

మిగతావన్నీ కొలిచింది. కొలవడమే ఆమె ఉద్యోగం. హైదరాబాదు పొలిమేరలో ఉన్న ఒక సర్కారీ పరిశోధనశాల నేలమాళిగలో ఆమెకో గది ఉండేది. పై అంతస్తుల్లో డైరెక్టరు గారు, ఆయన్ని పొగిడే జనం. కింద హైమవతి, ఒక ఉక్కు పాత్ర, అందులో యిటర్బియం అనే లోహపు అణువు, ఒక్కటంటే ఒక్కటి. పాత్రలోంచి గాలినంతా తోడేసి, ఆ అణువును విద్యుత్ క్షేత్రాల మధ్య ఎటూ పోకుండా నిలబెట్టారు. దాని మీద రెండు లేజరు కిరణాలు మార్చి మార్చి పడుతుంటే అది రెండు వేర్వేరు లయల్లో స్పందించేది. ఒకే అణువులో రెండు గడియారాలన్నమాట.

అణువులో కేంద్రకం ఎలక్ట్రాన్లను ఎంత గట్టిగా పట్టుకోవాలో నిర్ణయించే సంఖ్య ఒకటుంది. దాన్ని ఆల్ఫా అంటారు. సృష్టి పుట్టిననాటి నుంచీ అది మారలేదని పాఠ్యపుస్తకాలన్నీ ఒట్టేసి చెబుతాయి. ఆ సంఖ్య వెంట్రుకవాసి కదిలినా మొదటి గడియారం ఉలిక్కిపడుతుంది. రెండోదానికి దున్నపోతు మీద వాన కురిసినట్టే. కాబట్టి రెండూ కలిసి నడిచినంతకాలం ఆల్ఫా కదలనట్టు, విడిపోతే కదిలినట్టు. ఆరేళ్లు కొలిచాక అవి విడిపోయాయి.

ఆ సంగతి ముందుగా చూసినవాడు రహీముద్దీన్. కర్నూలు నుంచి వచ్చి, హైమవతి దగ్గరే డాక్టరేటు చేసి, ఆ లేజర్లకు కాపలాదారుగా మిగిలిపోయిన మనిషి. "మేడమ్, ఇది తప్పయ్యుంటుంది," అన్నాడు. "అయ్యుంటుంది ఏంటి, తప్పే. ఎక్కడుందో వెతుకు," అంది హైమవతి. ఇద్దరూ కలిసి వెతికారు. గదిలో వేడి చూశారు, తేమ చూశారు, పై అంతస్తులో లిఫ్టు కదలికలు చూశారు, భూమి అయస్కాంతపు ఊగిసలాట చూశారు. పాత్ర విప్పి మళ్లీ బిగించారు. అణువునే మార్చి కొత్తదాన్ని పెట్టారు. గడియారాలు మాత్రం అంతే తేడాతో విడిపోతూనే ఉన్నాయి. దశాంశ బిందువు తర్వాత పదిహేడు సున్నాలు దాటితే గాని కనబడనంత చిన్న జారుడు. సూర్యుడు చల్లారేదాకా ఆగినా దానివల్ల ఎవరి కాఫీ రుచీ మారదు. అయినా అది జారుడే. ప్రకృతి ఒట్టు తప్పింది. ఆ రోజు హైమవతి రహీముద్దీన్‌ను చూసి, "నీకు బుర్రుందోయ్," అంది. అతను ఆ మాట వాళ్లమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు. హైమవతి నోట ఆ మాట అంతకుముందు విన్నవాళ్లు లేరు.

తర్వాత లోకం తన పని మొదలుపెట్టింది. డైరెక్టరు గారు పట్టుశాలువా కప్పుకుని, ఈ ప్రయోగం ఆలోచన తనకు చిన్నతనంలోనే వచ్చిందని విలేకరులకు చెప్పాడు. టీవీ అమ్మాయి హైమవతి ముందు మైకు పెట్టి, "అంటే మేడమ్, మన శరీరంలో అణువులు కూడా మారిపోయినట్టేనా?" అని అడిగింది. "మారినట్టే. కానీ," అని హైమవతి మొదలుపెట్టింది. ఆ 'కానీ' తర్వాత ఆమె చెప్పినదంతా కోసేసి, 'మన అణువులు మారిపోయాయి' అని ఎర్ర అక్షరాల్లో వేశారు. వారం తిరక్కుండానే మూడో పార్టీలోకి దూకిన ఎమ్మెల్యే ఒకాయన, "విశ్వంలో స్థిరాంకాలే మారుతుంటే నేను పార్టీ మారితే తప్పా?" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అపార్టుమెంటు కట్టిన ఒక బిల్డరు, గదులు చిన్నవైపోయాయని నిలదీసిన వాళ్లతో, కట్టినప్పుడు సరిగ్గానే ఉన్నాయని, తర్వాత అణువుల్లో తేడా వచ్చిందని వాదించాడట. హైమవతి ఇవన్నీ పేపర్లో చదివి నవ్వుకునేది. వెర్రివాళ్లు వెర్రివాళ్లలా ఉండటం ఆమెకు కొత్తా? కోతికి కొబ్బరికాయ దొరికిందనుకుని పేపరు మడిచి పడేసేది.

కాకినాడ నుంచి ఫోన్ వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. చేసింది అక్కకు వైద్యం చేస్తున్న కేన్సరు డాక్టరమ్మ. "మాణిక్యం గారు రెండు విడతలుగా కీమోకి రావట్లేదండి. ఆపరేషను బాగా జరిగింది. మిగతా మందు పూర్తి చేసి కరెంటు, అదే రేడియేషను, పెట్టించుకుంటే బతికి బట్టకడతారు. మధ్యలో మానేస్తే మాత్రం తిరగబడుతుంది. తిరగబడ్డాక నా దగ్గరికొచ్చినా నేను చెయ్యగలిగింది ఉండదు. ఎందుకు మానేశారంటే మీ పేరు చెబుతున్నారు," అంది. ఆ చివరి మాటకు అర్థమేమిటో హైమవతికి తోచలేదు. మర్నాడు పొద్దున్నకల్లా కాకినాడలో దిగింది.

రత్నమాణిక్యం ఆమెకు అక్క. తల్లి పోయినప్పుడు చదువు మానేసి చెల్లెల్ని చదివించింది. త్యాగమనుకునేరు, కాదు. లెక్కల పరీక్ష తప్పించుకోవచ్చని సంబరంగా మానేసింది. అయితే ఆ తర్వాత చేసిన వంటంతా చెల్లెలి కోసమే చేసింది. భర్త పోయాక అదే చేత్తో జగన్నాథపురం వంతెన దగ్గర కర్రీ పాయింటు పెట్టింది. పనసపొట్టు కూర, ముద్దపప్పు, మజ్జిగపులుసు. పొట్లాల కోసం మధ్యాహ్నానికి జనం బారులు తీరతారు. మనుషులందర్నీ కొలిచి పక్కనపెట్టిన హైమవతి, అక్కను మాత్రం ఎప్పుడూ కొలవలేదు. అలాగని అక్కకు బుర్రుందని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

మాణిక్యం నెత్తికి తువ్వాలు చుట్టుకుని పొయ్యి దగ్గర కూర్చునుంది. మనిషి సగమైంది. చెల్లెల్ని చూడగానే మొహం చేటంత చేసుకుంది. "ఏవే హైమా, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు? తిన్నావా? అలా కూర్చో, పెసరట్టు వేస్తా."

"మందులెందుకు మానేశావు?"

"మానెయ్యలేదే, మార్చాను." మాణిక్యం గూట్లోంచి ఒక సీసా తీసి చూపించింది. నీళ్ల సీసా. దాని మీద 'ఆల్ఫా తీర్థం' అని రాసుంది. ఆ అక్షరాల పక్కన ఉన్నది హైమవతి ఫోటో. "మన భూషణం గురూజీ ఇస్తున్నారు. పాతమందులన్నీ పాత అణువులకు లెక్కగట్టి చేసినవంట. ఇప్పుడు అణువులు మారిపోయాయి కాబట్టి ఆ మందు ఒంట్లోకి వెళ్లి విషమైపోతుందంట. నేను చూస్తూనే ఉన్నా కదే, ఇంజెక్షను పడినప్పుడల్లా చచ్చి బతికేదాన్ని. ఇది తాగుతుంటే హాయిగా ఉంది."

"ఇంజెక్షను లేకపోతే హాయిగానే ఉంటుంది! అక్కా, నీకసలు బుద్ధుందా? ఎవడో నీళ్లు సీసాలో పోసి ఇస్తే తాగుతావా?"

"ఎవడో ఏంటి, నువ్వు కనిపెట్టిందే కదే! టీవీలో నీ నోటితో నువ్వే చెప్పావు, నేను విన్నాను. మన వీధంతా విన్నారు."

హైమవతి పదిహేడు సున్నాల గురించి చెప్పింది. పులుసులో ఉప్పురాయి పోలిక చెప్పింది. సముద్రమంత పులుసులో ఒక ఉప్పురాయిని లక్షోవంతు చేసి వేస్తే ఎంతో, ఈ తేడా అంతకన్నా తక్కువంది. మాణిక్యం శ్రద్ధగా విని, "మరి పులుసులో చిటికెడు ఉప్పెక్కువైతే పారబొయ్యాల్సిందే కదా," అంది. చిటికెడు కాదే మొర్రో అని హైమవతి మళ్లీ మొదట్నుంచి చెప్పింది. గొంతు పెరిగింది. పొట్లాల కోసం వచ్చినవాళ్లు నిలబడి చూస్తున్నారు. "నీకెన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. నాకు తెలుసు, నీకు తెలీదు. నోరుమూసుకుని ఆసుపత్రికి పద," అంది చివరికి.

మాణిక్యం గరిటె కింద పెట్టింది. "చిన్నప్పట్నుంచీ నీకు నేను వెర్రిదాన్నేనే. సరే, వెర్రిదాన్నే. కానీ నా చెల్లెలు చెప్పింది జన్మకోసారి నాకు అర్థమైంది. అదైనా నన్ను నమ్మనీ. పోనీ ఒక్కమాట చెప్పు. నువ్వు కనిపెట్టింది తప్పా? తప్పని చెప్పు, ఇప్పుడే ఈ సీసా కాలవలో పడేసి నీ వెంట వస్తా."

ఆ ఒక్క క్షణం చాలు. అవునక్కా, తప్పే అంటే సరిపోయేది. కానీ ఆరేళ్లు రాత్రీపగలూ కాపలా కాసిన అంకెను, పొట్లాలవాళ్ల ముందు, పనసపొట్టు వాసనలో తప్పని ఒప్పుకోవడానికి హైమవతి నోరు తిరగలేదు. "నా లెక్క ఎప్పుడూ తప్పదు," అనేసింది.

"మరి అంతే కదా," అని మాణిక్యం మళ్లీ గరిటె పట్టుకుంది.

హైమవతి అక్కడినుంచి తిన్నగా ఆ గురూజీ దగ్గరికి వెళ్లింది. ఒకప్పుడు ఎంట్రన్సు కోచింగులో భౌతికశాస్త్రం చెప్పినవాడే ఈ భూషణం. సంస్థ మూతపడ్డాక గడ్డం పెంచాడు. మేడ మీద హాలు నిండా రోగులున్నారు. కిడ్నీలు పోయినవాళ్లు, ఫిట్సు పిల్లలు, చక్కెరజబ్బు ముసలాళ్లు, అందరి చేతుల్లో సీసాలు. గోడ మీద హైమవతి నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో ఆమె చెయ్యెత్తి దీవిస్తున్నట్టుంది. నిజానికి ఆ ఫోటోలో ఆమె విలేకర్లను బయటికి పొమ్మంటోంది.

"ఆయ్, మీరా మేడమ్!" అని భూషణం లేచి నిలబడి, లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపేశాడు. ఫ్యాను వేశాడు. మర్యాదలో లోటు చెయ్యలేదు.

"నీకు ఫిజిక్సు వచ్చు కదా. ఇందులో ఏమీ లేదని నీకు తెలుసు కదా," అంది హైమవతి.

"ఎందుకు తెలీదండి. ఎమ్మెస్సీ ఫస్టుక్లాసండి నేను."

"పోలీసులకు చెబుతాను. పేపర్లలో ఖండిస్తాను."

"ఖండించండి. శాస్త్రవేత్త నోరు మందుల కంపెనీలు నొక్కేశాయంటాను. ఇంకో హాలు అద్దెకు తీసుకోవాల్సి వస్తుంది, అంత జనం వస్తారు." భూషణం గడ్డం నిమురుకుని నవ్వాడు. ఆ నవ్వులో అబద్ధం లేదు. "మేడమ్, మీరు పెద్దవారు, మీతో దాపరికమెందుకు. తీర్థం ఉత్త నీళ్లండి. ఎవడైనా ల్యాబుకి పంపినా నీళ్లనే వస్తుంది. నీళ్లని తప్పుపట్టేవాడెవడు? నా కొట్టుకి పునాది మీ అంకె. అది నిలబడినంతకాలం నేనూ నిలబడతాను. ఆ అంకే తప్పని మీరు గాని అంటే, సాయంత్రానికి గడ్డం గీయించుకోవాలండి నేను. కానీ మీరనరు కదా. మీ గురించి నాకు తెలుసు. కోచింగులో మీ వ్యాసాలు చూపించి పిల్లల్ని భయపెట్టేవాణ్ణి."

బయటికొస్తుంటే సీసా పట్టుకున్న ముసలాయన ఒకడు ఫ్లెక్సీ వైపూ ఆమె వైపూ చూసి, వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. హైమవతి గబుక్కున కాళ్లు వెనక్కి తీసుకుంది. ఇన్నాళ్లూ మూర్ఖుల్ని దూరంనుంచి చూసి అసహ్యించుకుంది. ఆ దూరం ఉండటం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

హైదరాబాదు తిరిగొచ్చాక రెండు రోజులు గదిలోంచి కదల్లేదు. అణువు వైపు చూస్తూ కూర్చుంది. అది నిజమే చెబుతోంది. ఆ నిజాన్ని ఇవాళ ఇక్కడ కప్పెట్టినా అది చచ్చిపోదు. ఇంకో దేశంలో, ఇంకో పాత్రలో, ఇంకో అణువు అదే చెబుతుంది. పదేళ్లు ఆలస్యమైతే విశ్వానికేం నష్టం? కోట్ల ఏళ్లుగా ఎవరికీ చెప్పకుండా జారుతూనే ఉంది కదా. అక్క మాత్రం అలా కాదు. ఇంకో దేశంలో ఇంకో మాణిక్యం లేదు.

మూడోరోజు రహీముద్దీన్‌ను క్యాంటీనుకు పిలిచి తను చెయ్యబోయేది చెప్పింది. అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"తప్పు జరిగిందని ప్రకటిస్తారా? ఏ తప్పు మేడమ్? మనకు దొరకని తప్పు మీకిప్పుడెక్కడ దొరికింది?"

"ఆయుధపూజ," అంది హైమవతి.

దసరాకి ఆ పరిశోధనశాలలో ప్రతి యంత్రానికీ బొట్టు పెడతారు. లేజర్లకు బంతిపూలు, పంపులకు పసుపు, కంప్యూటర్ల ముందు గుమ్మడికాయ. డైరెక్టరు గారు స్వయంగా హారతి పడతారు. నేలమాళిగ గదిలోకి మాత్రం హైమవతి ఒక్క పువ్వు కూడా రానిచ్చేది కాదు. పూజారి గుమ్మంలో నిలబడి మంత్రం చదువుకుని పోయేవాడు. ఇప్పుడు ఆమె చెప్పబోయే కథ ఏమిటంటే, ప్రయోగం మొదలైన ఏడాది దసరానాడు, ఎవరూ లేనప్పుడు, తను స్వయంగా ఒక ఆంజనేయస్వామి అయస్కాంతం బొమ్మను, ఫ్రిజ్‌లకు అంటించుకునే రకాన్ని, పాత్ర చుట్టూ ఉన్న కవచం లోపలివైపు అంటించింది. ప్రయోగం గట్టెక్కాలని మొక్కుకుని అంటించింది. అయస్కాంతం ఏళ్లు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది కాబట్టి గడియారాలు మెల్లగా విడిపోయినట్టు కనిపించాయి.

రహీముద్దీన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మేడమ్, రోజూ అయస్కాంత క్షేత్రం కొలిచేది మనమే. దాన్ని లెక్కలోంచి తీసేసేదీ మనమే. ఆ బొమ్మ ఉంటే మొదటి వారమే దొరికేది. ఇది ఎవరు నమ్ముతారు?"

"అయస్కాంత క్షేత్రాన్ని రోజూ కొలవకుండా మొదటి కొలతనే ఎప్పటికీ వాడుకున్నానని చెబుతాను. అందరూ నమ్ముతారు చూడు. ఇక్కడివాళ్లు, దేవుణ్ణి ఎగతాళి చేసినదానికి తగిన శాస్తి జరిగిందని నమ్ముతారు. అక్కడివాళ్లు, ఇండియాలో ఇంతేలే అని నమ్ముతారు. లెక్క చూసి నమ్మేవాళ్లు ఎంతమందుంటారు? వాళ్లకు అడిగే తీరిక ఉండదు."

"మరి నేను? ఆరేళ్లు మేడమ్. నా పెళ్లికి కూడా మూడ్రోజులే సెలవు పెట్టాను. నీకు బుర్రుందన్నారు. ఆ బుర్రతో చేసిన పనిని బొమ్మ కింద పాతిపెడతారా?"

హైమవతి అతనికేసి చూడలేకపోయింది. ఎదుటిమనిషి ముందు కళ్లు దించుకోవడం ఆమెకు అలవాటు లేదు. "కొలతలన్నీ నీ దగ్గరున్నాయి. జర్మనీవాళ్లు నిన్ను అడుగుతున్నారు కదా, వెళ్లు. అక్కడ మొదట్నుంచి చెయ్యి. నా పేరు ఎక్కడా రానివ్వకు. ఆ అంకె నిజమని లోకానికి నువ్వే నిరూపించు."

"మీ అక్క కోసం ఇంత చేస్తున్నారు. మా అమ్మకు నేనేం చెప్పాలి?" అని అతను లేచాడు. టీ తాగలేదు. ఆ తర్వాత ఆమెతో పనికి సంబంధం లేని మాట ఒక్కటీ మాట్లాడలేదు. ఆమె చెప్పిన బొమ్మ కథను ఖండించనూ లేదు. ఖండిస్తే ఆమెను అబద్ధాలకోరు అనాల్సి వచ్చేది, ఆ మాట అతని నోట రాలేదు.

విలేకర్ల సమావేశం పెట్టింది. బజారులో కొన్న బొమ్మను బల్ల మీద పెట్టి, రహీముద్దీన్‌కు ఏమీ తెలియదని, తప్పంతా తనదేనని చెప్పింది. కెమెరాలన్నీ ఆంజనేయస్వామి మీదికే వంగాయి. ఒక్కడంటే ఒక్కడు లెక్క అడగలేదు. "మేడమ్, మీరు నాస్తికులు కదా?" అని అడిగారు. "భయమేసింది," అంది. "ఏ గుడి వాయుపుత్రుడు మేడమ్?" అని ఇంకొకడు అడిగాడు.

సాయంత్రానికి ఊరూవాడా ఆమె పేరే. డైరెక్టరు గారు, తనకు మొదట్నుంచీ అనుమానంగానే ఉందని, ఆ ప్రయోగం ఆలోచన పూర్తిగా ఆవిడదేనని ప్రకటించాడు. హేతువాద సంఘంవారు ఆమె దిష్టిబొమ్మ తగలబెట్టారు. భక్తసంఘంవారు స్వామివారి మీద నింద వేసిందని అదే సెంటర్లో, ఆ బూడిద పక్కనే ధర్నా చేశారు. ఫోన్లలో ఆమె ఫోటోకు తోక తగిలించి పంపుకున్నారు. విదేశీ ఆచార్యులొకాయన చాలా సానుభూతిగా రాశాడు. మీ సంస్కృతిని మేము అర్థం చేసుకోగలం, ఇలాంటివి సహజమే అన్నాడు. ఆ ఒక్కదానికి మాత్రం హైమవతికి అరికాలి మంట నెత్తికెక్కింది. అందరూ నమ్ముతారని ముందే తెలుసు. కానీ కనీసం ఒక్కడైనా, ఒక్క మేధావైనా, 'హైమవతి అలా చెయ్యదు' అంటాడని లోలోపల ఎక్కడో ఆశపడింది. ఎవరూ అనలేదు. మూర్ఖుల గురించి ఆమె అంచనా ఎప్పుడూ తప్పలేదు. తెలివైనవాళ్ల గురించే తప్పింది.

అక్క ఫోన్ మరుసటి రోజు దాకా రాలేదు.

"నిజమేనటే? బొమ్మ పెట్టావా?"

"పెట్టానక్కా."

"దేవుడూ లేడు దెయ్యమూ లేదనేదానివి కదే."

"భయమేసిందక్కా."

"పిచ్చిదానా, భయమేస్తే నాకు చెప్పొచ్చు కదా, నేను మొక్కుకునేదాన్ని." అంది మాణిక్యం. "అయితే మరి అణువులు?"

"ఎప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి." జీవితంలో మొదటిసారి, తెలిసి తెలిసి, కొలిచిన అంకెకు ఎదురు చెప్పింది. గొంతు వణికింది. ఆ వణుకు సిగ్గువల్ల అనుకుంది మాణిక్యం.

"అంటే ఆ ఇంజెక్షన్లు పనిచేస్తాయంటావా?"

"చేస్తాయి. వెళ్లక్కా. రేపే వెళ్లు."

"నువ్వేడవకే ముందు. వెళ్తాలే. నువ్వే ఇంత తప్పు చేశాక ఇంక ఆ గురూజీ ఎంత!"

వెళ్లింది. మధ్యలో పోగొట్టుకున్న వారాలకు మూల్యం చెల్లించుకోవాల్సి వచ్చింది. మందు మోతాదు పెంచారు, మనిషి ఎముకల గూడైంది. అయినా తట్టుకుంది. తర్వాత కరెంటు పెట్టారు. మేడ మీద హాలులో ఉన్నవాళ్లలో కొందరు ఆసుపత్రుల దారి పట్టారు, కొందరు ఇంకో గురూజీని వెతుక్కున్నారు. ఆమె కాళ్లకు దండం పెట్టిన ముసలాయన ఏ దారి పట్టాడో తెలియలేదు. భూషణం అన్నమాట ప్రకారం గడ్డం గీయించుకుని వాస్తు చూడటం మొదలుపెట్టాడు.

హైమవతి చేత రాజీనామా రాయించుకున్నారు. రహీముద్దీన్ జర్మనీ వెళ్లేముందు నేలమాళిగ గదికి వచ్చి, తాళాలు బల్లమీద పెట్టి, నమస్కారం పెట్టకుండా వెళ్లిపోయాడు. ఇంకే కాలేజీ కూడా ఆమెను పాఠం చెప్పడానికైనా పిలవలేదు. అక్కకు ఒంట్లో బాగోలేదు కదా, సాయంగా ఉంటానని కాకినాడ వచ్చి కర్రీ పాయింటులో కూర్చుంది. పొట్లాలు కడుతుంటే జనం మోచేత్తో పొడుచుకుని, "ఈవిడేనంటరా బొమ్మావిడ?" అనుకునేవారు. సాంబారు పొట్లం పట్టుకుని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉండేవారు. "ఈసారి ఇత్తడిది పెట్టండి మేడమ్, ఇత్తడికి అయస్కాంతం ఉండదు," అన్నాడొక డిగ్రీ కుర్రాడు. పూర్వమైతే ఆ కుర్రాడు ఏడుస్తూ ఇంటికి పోయేవాడు. ఇప్పుడు హైమవతి చిల్లర లెక్కపెట్టి ఇచ్చేసి, తర్వాతవాళ్లకేసి తిరిగేది. మాణిక్యమే కలగజేసుకునేది. "ఏదో పాపం, పొరపాటైపోయింది దానికి. పెద్దపెద్దవాళ్లకే అవుతాయి. నువ్వు పులుసు తీసుకుని బయల్దేరు బాబూ," అని చెల్లెల్ని వెనకేసుకొచ్చేది. ఆ జాలి మింగడమే అన్నిటికన్నా కష్టంగా ఉండేది హైమవతికి. తిట్టేవాళ్లను అసహ్యించుకోవచ్చు. జాలిపడే అక్కను ఏం చెయ్యాలి?

మళ్లీ వేసవి వచ్చి వెళ్లాక, ఒక మధ్యాహ్నం కొట్లో టీవీ మోగుతుంటే, రహీముద్దీన్ గొంతు వినిపించింది. హైమవతి పప్పు గరిటె అలాగే పట్టుకుని తలెత్తింది. జర్మనీలో కొత్త పాత్రతో, కొత్త అణువుతో, మునుపటికన్నా పదింతలు సూక్ష్మంగా ఏడాదికే కొలిచారట. ఆల్ఫా మారుతోందట. ఇంకో దేశంవాళ్లు కూడా వేరే లోహంతో చూసి అవునన్నారట. తెర మీద అంకె వేశారు. పదిహేడు సున్నాలు, వాటి వెనక రెండంకెలు. ఆ రెండంకెలూ హైమవతివే. ఆమెకు కళ్లు మసకబారాయి. ఎగిరి గంతెయ్యాలనిపించింది. వీధిలోకి పోయి మెడ పట్టుకుని ఒక్కొక్కణ్ణీ ఈడ్చుకొచ్చి చూపించాలనిపించింది. మీ పాత ప్రయోగం గురించి ఏమంటారని విలేకరి అడిగితే, రహీముద్దీన్, "దాని గురించి నేను మాట్లాడను," అన్నాడు. మొహంలో కోపం ఇంకా అలాగే ఉంది. ఆమె పేరు మాత్రం ఎక్కడా రానివ్వలేదు.

హైమవతి అక్కకేసి చూసింది. అణువులు మారాయన్న మాట వినగానే అక్క ఏమంటుందోనని భయపడింది. కానీ భయపడాల్సిందేమీ లేదు. మందులన్నీ ఎప్పుడో అయిపోయాయి. మొన్ననే డాక్టరమ్మ పరీక్షలు చూసి, ఇక ఆర్నెల్లకోసారి వస్తే చాలంది. మాణిక్యం నెత్తిన జుట్టు పొట్టిగా, ఒత్తుగా, నల్లగా మొలిచింది. పనసపొట్టు పోపు వేస్తూ ఆమె కూడా టీవీకేసే చూస్తోంది.

"వీడు నీ దగ్గర పనిచేసిన కుర్రాడే కదే?"

"అవునక్కా."

"చూశావా, ఎంత నిదానంగా చేశాడో! నువ్వూ ఇలాగే కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని, లెక్క సరిచూసుకుని చేసుంటే ఇవాళ ఆ టీవీలో నువ్వుండేదానివి. దేనికైనా ఓపిక ఉండాలే. నీకు చిన్నప్పట్నుంచీ అది లేదు."

హైమవతి నోరు తెరిచింది. చెప్పడానికి ఒకే ఒక్క వాక్యం ఉంది. అది నాలుక చివరిదాకా వచ్చింది. పోపు ఘాటుకు మాణిక్యం దగ్గి, కొంగుతో మొహం తుడుచుకుని, బలమైన చేత్తో బాండీని రెండుసార్లు ఎగరేసింది.

"నిజమేనక్కా," అంది హైమవతి.

ఆ గొంతు విని మాణిక్యానికి మనసు కరిగిపోయింది. ఎడమచేత్తో చెల్లెలి చెంప నిమిరింది. "పోనీలేవే, బాధపడకు. అందరికీ ఒకేలాంటి బుర్ర ఇస్తాడా దేవుడు? నీకున్నంతలో నువ్వు చేశావు," అని ఓదార్చి, పప్పు పొట్లాలు కట్టమంది.